తక్కువ సొమ్ముతో మొదటి తరిణె కొనుట
(ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు)



పత్తి తీతలు ముగిసి, మిరపకాయ ఏనుమాముల మార్కెటునకు చేరిన పిదప మృగశిర కార్తె వచ్చువరకు మన గ్రామములలో చేతికి పని తక్కువ. ఆ దినములలో ఇంటిపట్టున నుండి నాలుగు రూపాయలు గడించు మార్గమేదియని అడుగువారికి నేను సాధారణముగా పాడిపశువును, పెరటికోళ్ళను, కూరగాయల మడిని చెప్పుచుందును. అది నా యుద్యోగధర్మము. అయితే గడచిన యేడాదిలో ముగ్గురు సభ్యులు మూడు గ్రామములనుండి వచ్చి నన్నొకే ప్రశ్న యడిగిరి. "సారూ, కఱ్ఱను తిప్పి గుండ్రముగా చెక్కే లేతు మిషను ఒకటి కొనవలెనని ఉన్నది. పైసలు ఎక్కువ లేవు. ఏది కొనమంటరు?"

ఈ ప్రశ్నకు ఈ పత్రికాముఖమున ప్రత్యుత్తరము వ్రాయుటకు కారణము కలదు. నాలుగేండ్ల క్రిందట నా మాట నమ్మి యొక సభ్యుడు సంఘములో అప్పు తీసి ఇట్టి మిషనును కొని నష్టపడెను. అతనికి రెండెకరముల చెలక. పెద్దకుమారుడు పదవ తరగతి ముగించి, వడ్రంగివద్ద రెండేండ్లు పనిచేసినవాడు, చేతివాటము గలవాడు. ముగ్గురము కలిసి పట్టణములో నొక దుకాణమునకు పోతిమి. మిషనుకు నిగనిగలాడు ఆకుపచ్చ రంగు వేసియుండెను. మోటారుపై 2 హార్సుపవరు అని వ్రాసియుండెను. దుకాణదారుడు మీట నొక్కి తిప్పి చూపెను. ఖాళీగా తిరుగు మిషను ఏదైనను చక్కగనే తిరుగునని అప్పుడు మాకు తోచలేదు. ఒక్క కఱ్ఱముక్కయైన పెట్టి చూడక, వెల కొంత తగ్గించినందుకే సంతోషించి బేరము ముగించితిమి.

ఇంటికి తెచ్చి మంచపుకోడు బిగించి ఉలి ఆనించగనే అది గడగడ వణకెను. కఱ్ఱను ఇరుప్రక్కల పట్టియుంచు రెండు మొనలు ఎదురెదురుగా నిలువక వడ్లగింజ మందము తప్పియుండెను. చక్కు కొనబోవగా ఆ మిషను మరకు బజారులోని ఏ చక్కును సరిపడలేదు. సొమ్మంతయు మిషనుకే పోయినందున ఉలులకు మిగులలేదు. ఆ పిల్లవాడు పాత ఆకురాయిని సానబట్టి ఉలిగా వాడెను. అది యొక దినము పని నడుమ పటుక్కున విరిగి వాని కనుబొమ్మను చీల్చెను. కన్ను దక్కుట దైవకృప. ఎనిమిది మాసములకు మిషను సగము వెలకు అమ్ముడుపోయెను, అప్పు మాత్రము నిలిచియుండెను. ఆ దుకాణము పేరు ఇచ్చట వ్రాయను. తప్పులో సగము నాది. మొలకశాతము చూడక విత్తనము కొనరాదని ఊరూర సభలలో చెప్పు నేనే మిషనును రంగు చూచి కొనిపించితిని.

నాటినుండి ఈ విషయమున తెలిసినవారిని అడిగియు, పనివాండ్రయొద్ద కూర్చుండి చూచియు తెలిసికొన్నదానిని సభ్యుల యెదుట పెట్టుచున్నాను.

లేతు మిషను అని నేడు మనము పిలుచుదానికి మన భాషలో తరిణె యని పేరు. కఱ్ఱ తిరుగుచుండును, ఉలి నిలిచియుండును. గుండ్రదన మనునది దానియంతట వచ్చును. ఈ పని మనకు క్రొత్త కాదు. హనుమకొండలో 1163 లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభముల గుడిలోను, 1213 నాటి పాలంపేట రామప్ప గుడిలోను స్తంభముల వలయములు చూచినవారు తరిణె పట్టినట్లున్నవని యనక మానరు. ఆ రాతిపని యెట్లు చేసిరో నేను చెప్పబోను గాని, అట్టి గుండ్రని రూపములను మన పూర్వులు ప్రేమించిరనుట స్పష్టము. ఇక మంచపుకోళ్ళు, ఊయల కమ్ములు, కవ్వములు, అప్పడాల కఱ్ఱలు, పిల్లల బొంగరములు, ఇవన్నియు తరిణెపనియే. పూర్వము పనివాడు నేలపై కూర్చుండి, ఉలిని చేతితోను కాలివ్రేళ్ళతోను పట్టుకొనగా, మరియొకడు త్రాటిని ముందునకు వెనుకకు లాగుచు కఱ్ఱను తిప్పెడివాడు. ఒకవైపు తిరిగినప్పుడే ఉలి తెగును, రెండవవైపు తిరిగినప్పుడు ఊరకుండవలయును. నేను చదివిన మిషను పాఠశాల వడ్రంగపు గదిలో కాలితో త్రొక్కు పాత తరిణె యొకటి మూలపడి యుండెడిది. దానిపై నేను చేసిన బొంగరము ఒంటికాలి కుంటివానివలె తిరిగెను. ఆ అనుభవముకంటె నాకు వేరు పాండిత్యము లేదని మనవి.

తరిణెపనిచే ఒక గ్రామమంతయు పేరుపొందుట చూడవలెనన్న విశాఖపట్టణపు త్రోవలో నర్సీపట్నం రోడ్డు స్టేషనులో దిగి ఏటికొప్పాకకు పోవలెను. వరాహనది యొడ్డున నున్న ఆ యూర అంకుడుకఱ్ఱను తరిణెపై తిప్పి, తిరుగుచున్న కఱ్ఱకు లక్కకడ్డీని ఒత్తుదురు. ఒరపిడి వేడికి లక్క కరగి కఱ్ఱపై పూతవలె పట్టును. 2017 లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చెను. చెట్ల వేళ్ళు, బెరళ్ళు, గింజలనుండి తీసిన రంగులను మరల వాడుకలోనికి తెచ్చిన ఆ యూరివారు శ్రీ సి. వి. రాజుగారికి 2023 లో పద్మశ్రీ బిరుద మీయబడెను. కొండపల్లి బొమ్మలును, మన నిర్మల బొమ్మలును తరిణెపైన పుట్టినవని కొందరు తలంతురు, అది పొరపాటు. అవి పొణికికఱ్ఱను చేతితో చెక్కి చేయునవి. బొమ్మలపై ఆశతో తరిణె కొనబోవువారు ఈ భేదమును ముందుగా తెలిసికొనుట మేలు.

ఇక కొనుగోలు సంగతి. దుకాణమునకు పోకముందు ఇంట కూర్చుండి తేల్చుకొనవలసినది, మీరు ఏ వస్తువు చేయుదురు, దానిని ఎవరు కొందురు అనుట. మిషను కొలతలు రెండు. మొనకు మొనకు నడుమ ఎంత పొడవు కఱ్ఱ పట్టునన్నది ఒకటి. బెడ్డుపైనుండి మొనవరకు గల ఎత్తునకు రెట్టింపు రెండవది, అంత వ్యాసము గల కఱ్ఱవరకే తిరుగును. 10 అంగుళముల మిషను అనిన, మొన బెడ్డుకు 5 అంగుళముల యెత్తున నున్నదని యర్థము. టూలురెస్టు క్రిందిభాగము అడ్డువచ్చుచోట మరికొంత తగ్గును. అప్పడాల కఱ్ఱకు, కొడవలి పిడికి, బొంగరమునకు 18 అంగుళముల పొడవు చాలును. మంచపుకోళ్ళు చేయదలచిన 30 అంగుళములైన నుండవలెను. రోకలికి నాలుగైదడుగులు కావలెను గావున బల్లపై పెట్టు చిన్న మిషనుతో రోకలి చేయుదమను ఆశ విడువుడు. చపాతీపీట చేయుటకు పొడవు అక్కరలేదు, వ్యాసము కావలెను. అన్నియు చేయు మిషను కావలెనని పోయినవాడు ఒక్కటియు సరిగా చేయని మిషనుతో తిరిగివచ్చును.

కొనువారెవరో తెలిసికొనుటకు సులువైన త్రోవ, మీ చుట్టుపట్టు నాలుగు గ్రామముల వడ్రంగులను అడుగుటయే. వారు మంచములకు, కుర్చీలకు, మెట్లకటకటాలకు కావలసిన గుండ్రని కోళ్ళను పట్టణమునుండి తెప్పించుకొనుచున్నారా, ఏటికి ఎన్ని, ఒక్కొక్కటి ఎంతకు పడుచున్నది? ఈ మూడు ప్రశ్నలకు ప్రత్యుత్తరము కాగితముపై వ్రాసికొనకుండ అప్పు దరఖాస్తు వ్రాయవలదు.

బజారులో దొరకునవి నాలుగు తెగలు. మొదటిది ఆటవస్తువువంటి చిన్న మోటారు తరిణె. పెన్సిలు లావు పూసలకు తప్ప పనికిరాదు, దాని మాట విడుతము. రెండవది విదేశముల నమూనాపై పోతయినుముతో చేసిన బల్లతరిణె. వేగమును మీట త్రిప్పి మార్చుకొనవచ్చును, కొలతలు లోకమంతట చెల్లునవి, పని సాఫుగా నుండును. అయితే లోపలి విద్యుత్తు కార్డు కాలిన మన ఊరి మెకానిక్కు ఏమియు చేయలేడు. కావున అది ఎక్కడ దొరకును, ఎన్నిదినములలో వచ్చును అని కొనకముందే అడిగి తెలిసికొనవలెను. మూడవది మనదేశపు చిన్న కార్ఖానాలలో చేయు బెల్టు, పుల్లీల తరిణె. దానికి మోటారు వేరుగా కొందురు. బేరింగు, బెల్టు, మోటారు ఏది పోయినను వరంగల్లులోనే దొరకును, పంపుసెట్టు బాగుచేయువాడు దీనిని కూడ బాగుచేయును. కోళ్ళు చేయువారికి నేను దీనినే చెప్పుదును. అయితే వీనిలో మంచిచెడ్డల వ్యత్యాసము మిక్కుటము. మా కథలోని ఆకుపచ్చ మిషను ఈ తెగలోనిదే. నాలుగవది చేతులు మారిన పాత మిషను. పోతయినుము పాతబడినంతమాత్రమున చెడదు. మంచి పాత మిషను క్రొత్త నాసిమిషనుకంటె మేలు. ఇనుపపని చేయు పాత లేతును చవుకగా ఇత్తుమనువారు కలరు. అది కఱ్ఱపనికి కావలసినంత వేగముగా తిరుగదు, చేతితో ఉలిపట్టుటకు ఆనికయు నుండదు.

మా పొరపాటు జరిగినది ఏది కొన్నామన్నచోట కాదు, ఎట్లు చూచి కొన్నామన్నచోట. కావున ఈ భాగమును నెమ్మదిగా చదువ గోరెదను. దుకాణమునకు పోవునప్పుడు రెండంగుళముల చదరము, అడుగున్నర పొడవు గల ఎండుకఱ్ఱ నొకదానిని ఇంటినుండి సంచిలో పెట్టుకొని పొండు. ముందు మోటారును ఆపించి, విద్యుత్తు తీగ తీయించుడు. కఱ్ఱను తిప్పు పెట్టెను హెడ్డుస్టాకు అనియు, రెండవకొనను పట్టు పెట్టెను టెయిలుస్టాకు అనియు పనివారందురు. రెంటికిని మొనలు పెట్టించి, టెయిలుస్టాకును ముందునకు జరిపి మొనకు మొన తాకునట్లు చేయుడు. పైనుండి చూడుడు, ప్రక్కనుండి చూడుడు. సూదిమొనలు రెండు కలిసినట్లు కలియవలెను. తరువాత టెయిలుస్టాకును గట్టిగా బిగించి మరల చూడుడు. బిగింపులో ప్రక్కకు జరుగునవి కొన్ని కలవు. ఈ దోషము తరువాత సరిచేయుదుమని దుకాణదారుడు చెప్పిన నమ్మవలదు. ఇది కోళ్ళపనిలో కొంతవరకు దాగును గాని, పిడికి నడుమ రంధ్రము వేయునప్పుడు బయటపడును. మా పిల్లవాని మిషనులో చెడినది ఇదియే.

పిమ్మట హెడ్డుస్టాకు ఇరుసును రెండుచేతుల పట్టి పైకి క్రిందికి, ముందునకు వెనుకకు ఊపి చూడుడు. ఎడ్లబండి చక్రమునకు ఇరుసు వదులైనదా యని మనము చూచునట్లే. రవ్వంతయు కదలరాదు. చేతితో నెమ్మదిగా తిప్పినప్పుడు ఇసుక నమిలిన చప్పుడు వినవచ్చిన బేరింగు పోయినదని తెలియునది. పాత మిషనులో క్రొత్త బేరింగు వేయించుట పెద్ద వ్యయము కాదు, వెలలో ఆ మేరకు తగ్గించి అడుగవచ్చును. ఇరుసు వంగినదైన మాత్రము అటువైపు చూడవలదు. టెయిలుస్టాకును బెడ్డు ఈ చివరినుండి ఆ చివరివరకు జరిపి చూచిన ఒకచోట బిగువు, ఒకచోట వదులు కనబడరాదు. టూలురెస్టును బిగించి, దానిపై మీ బరువంతయు మోపి నొక్కుడు. జారినచో పనిలో ఉలి క్రింద జారును, చేయి ప్రమాదములో పడును. రెస్టు పై అంచు గరుకుగా నుండుట దోషము కాదు, ఇంట ఆకురాయితో సాఫు చేసికొనవచ్చును.

అప్పుడు విద్యుత్తు పెట్టించి, బెడ్డుపై నొక గ్లాసు నీళ్ళుంచి మిషనును తిప్పించుడు. నీటిపై సన్నని అలలు లేచుట సహజము, గ్లాసు నడచిపోయిన మిషను బరువు చాలదు. తరిణెకు బరువే బలము. హార్సుపవరు చూచి మురియకుడు. మూడు నాలుగంగుళముల కోళ్ళకు అర హార్సుపవరు చాలును, పీటలకు, గిన్నెలకు 1 హార్సుపవరు చాలును. తేలిక మిషనుకు పెద్ద మోటారు పెట్టుట బక్క ఎద్దుకు బరువైన కాడి కట్టినట్లే. ఇంట స్టాండు అడుగున రెండు మూడు ఇసుక మూటలు పేర్చిన వణకు చాలవరకు తగ్గును, దానికి వ్యయము లేదు. నిలుచుండి పనిచేయువాని మోచేతి యెత్తునకు మొన రావలెను. వంగి పనిచేయువాడు నెల తిరుగకముందే నడుము పట్టుకొనును.

చివరగా మీ సంచిలోని కఱ్ఱను బిగింపించి, దుకాణమువారినే ఉలి ఆనింపుమనుడు. దీనికి ఒప్పుకొననివాని దుకాణము విడిచి బయటికి రండు.

వేగమును గూర్చి కొంచెము లెక్క కలదు, భయపడవలదు. మనదేశమున సాధారణముగా దొరకు నాలుగు ధ్రువముల మోటారు నిమిషమునకు 1440 చుట్లు తిరుగును. మోటారు పుల్లీ 3 అంగుళములు, ఇరుసు పుల్లీ 6 అంగుళములు నైనచో కఱ్ఱ అందులో సగము, అనగా 720 చుట్లు తిరుగును. కఱ్ఱ వ్యాసమును అంగుళములలో, వేగమును చుట్లలో తీసికొని గుణించిన 6,000 కును 9,000 కును నడుమ ఫలము వచ్చుట మంచిదని పనివారి లెక్క. 3 అంగుళముల కోడుకు 2,000 నుండి 3,000 చుట్లు. 10 అంగుళముల చపాతీపీటకు 600 నుండి 900 చుట్లు మాత్రమే. క్రొత్తవారు తక్కువ అంకెనే పట్టవలెను, పలుకల కఱ్ఱ గుండ్రపడువరకు ఇంకను తక్కువ. ఇప్పుడు దుకాణదారుని అడుగుడు, "ఈ మిషను అతి తక్కువ వేగ మెంత?" 1400 అని చెప్పిన ఆ మిషనుపై పీట చేయుట ప్రాణముతో చెలగాటము.

మరియొక ప్రశ్న, ఇరుసు మర కొలత ఏమి? అంగుళమునకు 8 చుట్లు గల 1 అంగుళపు మర చిన్న తరిణెలలో లోకమంతట వ్యాపించియున్నది. మొనలు పెట్టు రంధ్రము మోర్సు టేపరు 2 వ నంబరు అయిన మంచిది. ఈ రెండును ఉన్న మిషనుకు చక్కులు, మొనలు ఎవరు చేసినవైనను సరిపడును. కార్ఖానావాడు తన ఇష్టము వచ్చిన మర కోసిన మిషను కొన్నవాడు, ఆ కార్ఖానా ఉన్నన్నాళ్ళు వానికి బానిస. ఈ ప్రశ్నకు దుకాణదారుడు తెల్లమొగము వేసిన, కొలత రసీదుపై వ్రాసి యిమ్మనుడు.

ఇక సొమ్ము పంపకము. మీయొద్ద 100 రూపాయలున్న 60 కి మించి మిషనుకు పెట్టవలదని నా యభిప్రాయము. 20 ఉలులకు, 10 సానబట్టు గ్రైండరుకు, తక్కిన 10 ముఖకవచము, బెల్టు, తీగ, మోటారు స్విచ్చి మున్నగువానికి ఉంచుడు. చక్కు మొదటియేడు అక్కరలేదు, మిషనుతో వచ్చు మొనలతోను, పలకతోను కోళ్ళు, పిడులు, పీటలు చేయవచ్చును. ఉలులు నాలుగు చాలును. పలుకలు తీయుటకు దొప్పవలె వంపుగల వెడల్పు ఉలి, వలయములు తీర్చుటకు సన్నని వంపు ఉలి, నునుపు చేయుటకు ఏటవాలు అంచు ఉలి, తెగగొట్టుటకు సన్నని ఉలి. వీనిలో మొదటిదానిని పీటలపైన, గిన్నెలపైన ఎన్నడును వాడరాదు. దాని మెడ సన్నము, విరుగును. హైస్పీడు ఉక్కుతో చేసినవి వెల యెక్కువయైనను సాన చాలకాలము నిలుచును, గ్రైండరు వేడికి మెత్తబడవు. కమ్మరిచేత చేయించుకొనువారు లారీ కమానుపట్టాల ఉక్కుతో చేయించుకొనుడు. దానిని సానబట్టునప్పుడు నీలిరంగు తిరిగిన పదను చచ్చినదని తెలిసికొని, మాటిమాటికి నీట ముంచుచుండవలెను. పాత ఆకురాయిని మాత్రము ఉలిగా వాడకుడు. అది గాజువలె గట్టిది, గాజువలెనే విరుగును. ఆ పిల్లవాని కనుబొమ్మపై మచ్చ నేటికిని ఉన్నది.

విద్యుత్తు విషయమున ఒకమాట. మన రాష్ట్రమున 2018 జనవరి 1 నుండి వ్యవసాయపు పంపుసెట్లకు 24 గంటల ఉచిత విద్యుత్తు ఇచ్చుట మొదలయ్యెను. ఆ తీగనుండి తరిణె నడుపుదమని ఒకరు నాతో నవ్వుచు అనిరి. అది పైరుకొరకు ఇచ్చినది, వేరుపనికి వాడుట నియమవిరుద్ధము. 1 హార్సుపవరు మోటారు నిండుబరువుతో నడచినను గంటకు సుమారు ఒక యూనిట్టు మాత్రమే పట్టును. దానికై తప్పుదారి పట్టనేల? అమ్మకముకొరకు పనిచేయువారు ఏ తరగతి కనెక్షను తీసికొనవలెనో విద్యుత్తు కార్యాలయములో అడిగి తెలిసికొనుడు. ఎర్తు తీగ లేకుండ మిషను నడుపరాదు. ఓల్టేజి తగ్గి మోటారు మూలిగినప్పుడు పని ఆపుడు.

కఱ్ఱకై అడవికి పరుగెత్తనక్కరలేదు. చేని గట్టున గాలికి కూలిన తుమ్మ, ఎండిన మామిడి, చింత కొమ్మలు, సామిల్లులో మిగులు టేకుముక్కలు మొదటి రెండేండ్లకు చాలును. పిడులకు తుమ్మ మిక్కిలి శ్రేష్ఠము. నిలుచున్న చెట్టును కొట్టుటకు, సొంత చేనిలోనిదైనను, 2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టముననుసరించి అనుమతి కావలెను. పచ్చికఱ్ఱ మన ఎండలలో త్వరగా పగులును గావున కోసినదినముననే రెండు కొనలకు మైనముగాని పాత రంగుగాని పూసి నీడలో పేర్చుడు. అంగుళము మందమునకు ఏడాది ఆరవలెనని వాడుక. నేడు కోసినది నేడే అమ్మదలచువారికి ఈ పని పనికిరాదు.

కండువా, వ్రేలాడు చొక్కాచేతులు, మెడలోని త్రాళ్ళు, ఉంగరములు తీసివేసి గాని మిషనువద్ద నిలువరాదు. స్త్రీలు పనిచేయునప్పుడు కొంగు బిగించి, జడ ముడువవలెను. మీట నొక్కునప్పుడు కఱ్ఱకు ఎదురుగా గాక ప్రక్కగా నిలువుడు. పగుళ్ళున్న కఱ్ఱ తిరుగుట మొదలిడినప్పుడే ఎగురును. కఱ్ఱపొడి గూర్చి మనవారు లక్ష్యపెట్టరు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనాసంస్థ 1995 లోనే దానిని మనుష్యులకు క్యాన్సరు కలిగించువాని పట్టికలో చేర్చెను. నోటికి ముక్కునకు మాస్కు కట్టుట, పొడిని వసారాలో గాక బయటికి ఊడ్చుట తప్పనిసరి.

అప్పు సంగతి చెప్పి ముగింతును. కేంద్రప్రభుత్వము 2023 సెప్టెంబరు 17 న ప్రారంభించిన విశ్వకర్మ పథకములో 18 వృత్తులు చేరియున్నవి. అందులో వడ్రంగము, సాంప్రదాయపు బొమ్మలపని కూడ కలవు. పరీక్షించి గుర్తింపబడినవారికి పనిముట్లకై 15,000 రూపాయల వోచరు, మొదట లక్షరూపాయలవరకు, అది తీర్చినపిదప 2 లక్షలవరకు నూటికి 5 వడ్డీపై అప్పు నియమములలో నున్నవి. అది కుటుంబమున కొకరికి, చేతితో ఆ వృత్తి చేయువారికి మాత్రమే. సేద్యము తప్ప మరియొక పని యెరుగని మనవారు వడ్రంగియని వ్రాయించుకొని పొందదలచుట ధర్మము కాదు, నిలువదు కూడ. అట్టివారికి సంఘపు అప్పే మార్గము. అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు పెంచి పెద్దచేసిన 1956 నాటి ముల్కనూరు సహకార సంఘమును మీరెఱుగుదురు. అచ్చట అప్పును, అమ్మకమును విడదీయలేదు, సభ్యుని పంట సంఘముద్వారానే అమ్ముడుపోవును గావున అప్పు తిరిగివచ్చును. తరిణె అప్పునకు కూడ అదే వరుస పట్టవలెనని మా కార్యవర్గమునకు నేను మనవి చేసితిని. వడ్రంగుల వ్రాతపూర్వక ఆర్డరు చూపినవారికే అప్పు, కోళ్ళ అమ్మకపు సొమ్మునుండియే వాయిదాలు.

లెక్క వేసి చూడుడు. ఉదాహరణమునకు 24,000 రూపాయల అప్పు తీసినవాడు, ఒక్కొక్క కోడుపై కఱ్ఱ, కరెంటు పోగా 40 రూపాయలు మిగుల్చుకొన్నచో, అసలు తీరుటకే 600 కోళ్ళు చేయవలెను. క్రొత్తవాడు దినమునకు ఆరు కోళ్ళు చక్కగా చేసిన గొప్ప. అనగా నూరు పనిదినములు, రెండు వేసవులు. ఈ అంకెలు మీ గ్రామపు అంకెలతో మార్చి వేసికొనుడు. ఇద్దరు ముగ్గురు కలిసి కొనినచో భారము తగ్గును గదా యని అడుగుదురు. తగ్గును గాని, అందరికి తీరికదొరకు వేసవిలోనే అందరికి మిషను కావలసివచ్చును. ఒకే యింటి అన్నదమ్ములైన తప్ప నేను దీనిని ప్రోత్సహింపను.

మొదట చెప్పిన సభ్యుని కుమారుడు గడచిన మాఘమాసములో మరల మిషను కొనెను, ఈమారు ఒక పాత పోతయినుము తరిణె, రంగు రాలిపోయినది. మూడు దుకాణములు తిరిగితిమి. మొదటి రెండుచోట్ల మా సంచిలోని కఱ్ఱను చూచి నవ్విరి. మూడవచోట దుకాణపు ముసలాయన తానే అందుకొని బిగించి, ఉలి ఆనించి, తీగెవలె పొడవైన పొట్టు తీసి పిల్లవాని చేతిలో పెట్టెను. బేరింగులు వదులుగా నున్నవని ఆయనయే చెప్పి, వానికి కావలసిన సొమ్ము వెలలో తగ్గించెను.

కొనదలచిన సభ్యులు సంఘము కార్యదర్శిగారిద్వారా నాకు తెలియజేసినచో, తీరికనుబట్టి వెంట వచ్చెదను. ఎండుకఱ్ఱ ముక్క మాత్రము మీరే తెచ్చుకొనుడు.